కథ రాసేశాను, బొమ్మలేసిపెట్టండి

ఫోను తెర మీద బొటనవేలితో పై నుంచి కిందికి జరుపుకుంటూ చదివే బొమ్మల కథ వెబ్ కామిక్. ఈ పద్ధతి కొరియాలో కుదురుకుంది; అక్కడి నేవర్ సంస్థ 2004లో మొదలుపెట్టిన వెబ్‌టూన్ దీన్ని జనంలోకి తెచ్చినవాటిలో ఒకటి. ఇందులో పేజీ తిప్పడం లేదు. ఉన్నదల్లా ఒక పొడుగాటి పట్టీ. కనుక కథ ఆలోచించడమంటే ఆ పట్టీ మీద ఏది ముందు కనబడాలి, ఏది ఎంతసేపు దాగాలి అని ఆలోచించడమే. అది రచయిత ఒక్కడూ తేల్చే సంగతి కాదు. అయినా విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఈ సరదా పట్టుకున్న కుర్రకారు నోట ముందుగా వచ్చే మాట, "కథ రాసేశాను, బొమ్మలేసిపెట్టేవాడు కావాలి" అన్నదే. ముహూర్తం పెట్టేసుకుని పెళ్లికొడుకును వెతకడం ఇలాగే ఉంటుంది.

ఉదాహరణకు విజయనగరం పైడితల్లి జాతరలోని సిరిమానునే చూడవచ్చు. దసరా వెళ్లిన మంగళవారం మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. రచయిత ఒంటరిగా రాస్తే "జాతరలో జనం కిటకిటలాడుతున్నారు" అని ఒక ముక్క రాసి ముందుకు పోతాడు. పక్కన చిత్రకారిణి ఉంటే, "మొదట ఎవరు కనబడాలి?" అని ఆపుతుంది. ఖాళీ ఆకాశంతో మొదలు. వేలు జరిగితే పూజారి పాదాలు. ఇంకా జరిగితే గాలిలో ఒక అరటిపండు. దాని కింద ఏటవాలుగా దిగే మాను, ఎంత జరిపినా తరగని మాను. అట్టడుగున పండు విసిరిన గుంటడి చెయ్యి. ఈ కథ పూజారిది కాదు, ఆ గుంటడిది అని ఇద్దరికీ అప్పుడే తెలుస్తుంది. రాసేసిన కథలో ఈ మలుపుకు చోటుండదు.

ఇలా ఇద్దరు కలిసి బొమ్మ కూర్చడం ఈ ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండల్లోనూ, ఒడిశా వైపునా సవరలు ఇంటి గోడల మీద బొమ్మలు వేస్తారు. ఒడిశా వైపు సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1951 నాటి పుస్తకంలో రాశాడు. కలలోనో పూనకంలోనో చనిపోయిన పెద్దలు కోరినదాన్ని ఒకరు చెబుతారు, మరొకరు గీస్తారు. గీశాక లోటేదైనా ఉందంటే మళ్లీ చేరుస్తారు. చెప్పేవాడు చెప్పేసి ఇంటికి పోడు. చందమామ ముఖచిత్రాలతో తెలుగువాళ్లందరికీ తెలిసిన వ.పా., అంటే వడ్డాది పాపయ్య, 1921లో శ్రీకాకుళంలోనే పుట్టాడు. అలాంటి మనిషి పుట్టిన గడ్డ మీద "బొమ్మలేసేవాడు" అన్న మాట ఇంకా కూలీని పిలిచినట్టే వినబడుతోంది.

ఇద్దరూ కూర్చున్నాక పని క్రమం తేలిక. ముందు ఒక్క కాగితం మీద పాత్రలు, ఊరు, మొదటి పది భాగాలు. తరవాత పెన్సిలు గీతల్లో ఒక భాగం. సంభాషణ చిట్టచివర. అమెరికాలో మార్వెల్ వాళ్లు ఏళ్ల తరబడి ఇలాగే కథాసారం చెప్పి, బొమ్మలు వచ్చాక మాటలు నింపారు. ఒప్పందం మాత్రం మొదటి రోజే రాసుకోవాలి. సూపర్‌మ్యాన్‌ను కలిసి పుట్టించిన సీగెల్, షూస్టర్ 1938లో దాని హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. తరవాత తీసేసిన వాళ్ల పేర్లను మళ్లీ అచ్చువేయడానికి ప్రచురణకర్తలు ఒప్పుకునేసరికి 1975 అయింది.

ఇక తెలుగుకే ఉన్న చిక్కు అక్షరం. కింద వత్తు, పైన గుడి. వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ జాగా వదలాలి. ఇరుకు తెర మీద నాలుగు వరుసల మాట వస్తే బెలూను బొమ్మను మింగేస్తుంది. అందుకే మాట పొట్టిగా ఉండాలి, ఉత్తరాంధ్ర బాస పొట్టిదే. "ఏమిటి" అన్నదానికి ఇక్కడ "ఏటి" చాలు. కాని రాయడానికి కూర్చోగానే ఇక్కడి పిల్లలే పుస్తకాల తెలుగులోకి దిగుతారు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు, విజయనగరంలో ఆయనతో చదువుకున్న గురజాడ వాడుక మాట కోసం అంత పోరాడినా ఇదీ వరస. 1897లోనే గురజాడ నాటకం కన్యాశుల్కం జనం మాటల్లో అచ్చయింది.

సొంత యాసలో రాయడానికి పడే ఈ సిగ్గు సినిమా నేర్పింది. శ్రీకాకుళం యాస వినబడితే వచ్చేవాడు కాపలావాడో, పనిమనిషో, నవ్వించి పోయే వాడో అని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. హీరో ఏ ఊరివాడైనా అతని నోట ఆ యాస వినబడటం అరుదు. ఉత్తరాంధ్ర రచయితలు కారా, రావిశాస్త్రి కథల్లో బతుకునంతా మోసిన మాట తెర మీద వెకిలి నవ్వుకు మిగిలింది. కామిక్‌లో కూడా పాలేరుకు యాస, బుగతకు పుస్తకభాష పంచిపెడితే ఆ రోగమే ఫోనులోకి పాకినట్టు.

సిరిమాను కథలో గుంటడు కంగారుగా "పండు తగిలీసింది బాబూ!" అంటాడు. పైనుంచి పూజారి బెలూను కూడా అదే బాసలో దిగాలి: "తగిల్తే ఏటైపోద్ది, ఇంకోటి ఇసురు."