మోత పెరిగితే గుంజుడు పెరగదు

కొత్త బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, పెట్టిన పసుపు ఆరకముందే సైలెన్సర్ పీకించడం మా హాలియా దిక్కు ఆనవాయితీ అయింది. కంపెనీ పైపుకు గొంతు లేదట. పొద్దుటిపూట సాగర్ రోడ్డు పక్కన నిలబడితే బండి కనబడకముందే పైపు పేరు చెప్పే పొలగాళ్లున్నారు: ఇది ఇందోరి, ఇది పంజాబ్, ఇది షార్ట్ బాటిల్. రెండు లక్షలు దాటిన బండికి రెండు మూడు వేల రేకు గొట్టం తగిలించి, ఇప్పుడు పికప్ వచ్చిందని మెకానిక్ చెప్తే తలూపే పెద్దోళ్లనూ చూస్తున్నాం. ఈ నమ్మకం తప్పు. మోత పెంచే పైపు ఆ బండిలో ఉన్న అసలు సొమ్మునే తీసుకుపోతుంది.

పెద్ద క్రూజర్ ఎందుకు కొంటారు? రేసుకు కాదు. గేరు మార్చే పని పెట్టుకోకుండా, నిదానంగా తిరిగే ఇంజన్ మీద, వెనక మనిషినీ ముందు సంచినీ మోసుకుంటూ గంటల తరబడి పోవడానికి. ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, మీటియర్, ఇప్పటి బుల్లెట్‌లలో ఉన్న 349 సీసీ ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చేది 20.2 హార్స్‌పవర్, అదీ నిమిషానికి 6,100 చుట్ల దగ్గర. అంత పైకి దాన్ని ఎవరూ తిప్పరు. దాని అసలు బలం 27 న్యూటన్ మీటర్ల టార్క్, అది 4,000 చుట్ల దగ్గరే అందుతుంది. మన మాటలో అదే గుంజుడు. నిడమనూరు నుంచి పెద్దవూర దాకా ఎవరు నడిపినా ఇంజన్ తిరిగేది ఎక్కువసేపు ఆ నాలుగు వేలకు అటూ ఇటూనే. కంపెనీ ఇంజనీర్లు బెండ్ పైపు పొడవు, సైలెన్సర్ డబ్బా ఘనపరిమాణం, లోపలి గదులు అన్నీ ఆ చోటుకే సరిపెట్టారు.

దాని వెనక లెక్క పెద్ద మాయ కాదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే కాలిన గ్యాస్ ఒక ఒత్తిడి అలగా పైపులోకి దూకుతుంది. పైపు వెడల్పైన చోట ఆ అల తిరగబడి, పీల్చే అలగా వాల్వ్ దగ్గరికి వస్తుంది. రెండు వాల్వులూ కొద్దిగా తెరిచి ఉన్న ఆ చిన్న క్షణంలో అది వచ్చి చేరితే, మిగిలిపోయిన పొగను లాగేసి కొత్త గాలి, పెట్రోలు లోపలికి రావడానికి సాయపడుతుంది. ఎన్ని చుట్ల దగ్గర ఈ సాయం అందాలన్నది పైపు కొలతలే తేలుస్తాయి. పైపును కురచ చేసి లోపలి గదులు తీసేస్తే ఆ సాయం ఇంకా పై చుట్లకు జరిగిపోతుంది. అక్కడికి ఈ ఇంజన్ పోదు, పోయినా సంతోషంగా ఉండదు. కింద, మనకు కావలసిన చోట, గుంజుడు పడిపోతుంది. మా సాగర్ ఎడమ కాల్వ కింది రైతులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు: కాల్వకు గండి పడితే నీళ్లు భోరున పారుతున్నట్టే ఉంటుంది, చివరి మడికి మాత్రం చుక్క చేరదు.

మరి నడిపినవాడికి పికప్ పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుంది? చెవి చెప్పిందే ఒళ్లు నమ్ముతుంది కాబట్టి. చప్పుడు ఊరిస్తుంటే చేయి కూడా యాక్సిలరేటర్‌ను రెండు వేళ్లు ఎక్కువే తిప్పుతుంది. అనుమానం ఉన్నవాళ్లు తేల్చుకోవచ్చు. ఒకే మోడల్ బండ్లు రెండు, ఒకటి కంపెనీ పైపుతో, ఒకటి మార్చిన పైపుతో. నడిపేవాళ్ల బరువు దగ్గరదగ్గరగా ఉండాలి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు టాప్ గేరులో నలభై మీద పక్కపక్కన పోతూ ఒకేసారి యాక్సిలరేటర్ తిప్పండి. తర్వాత బండ్లు మార్చుకొని ఇంకోసారి. డెబ్బై దాటేసరికి ఎవరు ముందున్నారో చూసి, ఆ తర్వాత మాట్లాడండి.

కార్బురేటర్ కాలంలోనైతే మంచి మేస్త్రి పైపు మార్చాక మెయిన్ జెట్ మార్చి, ట్యూనింగ్ సరిచేసి కొంత కాపాడేవాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఆ దారీ లేదు. ఇప్పటి బండిలో పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది, పొగలో ఆక్సిజన్ ఎంతుందో పైపుకున్న సెన్సర్ దానికి చెప్తుంది. నిలకడ వేగంలో అది సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం పాత పైపు కోసం రాసిపెట్టిన లెక్కనే పట్టుకుంటుంది. పైపు వదులైతే ఆ లెక్కకు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఇంజన్ వేడెక్కుతుంది. గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజన్, మీదికి నల్లగొండ మే నెల ఎండ. యాక్సిలరేటర్ వదలగానే టపటపమని పేలే చప్పుడు విని మురిసిపోతారు గానీ, చాలాసార్లు అది బెండ్ పైపు జాయింటు దగ్గర బయటి గాలి దూరుతోందని చెప్పే ఫిర్యాదు. కావాలని తాళంచెవి ఆపి వేసి పటాకులు పేల్చేవాళ్ల సంగతి వేరే. వాళ్లు కాల్చుకునేది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, దాని ధర అడిగితే నవ్వు ఆగిపోతుంది.

"బుల్లెట్ అంటేనే చప్పుడు, మా తాతల కాలం నుంచీ ఉన్నదే" అనేది ఇంకో వాదం. తాతల కాలాన్ని సాక్ష్యానికి పిలిచినందుకు సంతోషం. నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్‌లో. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైందీ అదే ఏడు. ఆయకట్టు ఊళ్లలో పటేళ్లు, కాంట్రాక్టర్లు, ఆర్‌ఎంపీ డాక్టర్లు ఎక్కి తిరిగిన ఆ ఇనుప ఇంజన్ బుల్లెట్లకు పొడుగాటి కంపెనీ సైలెన్సరే ఉండేది. ఆ డుగుడుగు పైపులో పుట్టింది కాదు. 70 మిల్లీమీటర్ల బోరుకు 90 మిల్లీమీటర్ల స్ట్రోక్, ఒకే సిలిండర్, బరువైన ఫ్లైవీల్, నింపాదిగా తిరిగే ఐడిలింగ్, వీటి కలయికలో పుట్టింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉండేది కాబట్టే అది వినసొంపుగా ఉండేది. ఇప్పటి పైపు ఆ ఖాళీని మింగేసి ఒకే గోలగా మారుస్తుంది. హార్లీ సంగతీ అంతే. 45 డిగ్రీల కోణంలో రెండు సిలిండర్లు, రెండు కనెక్టింగ్ రాడ్లకు ఒకే క్రాంక్ పిన్. అందుకే ఒక పేలుడుకూ ఇంకోదానికీ మధ్య 315 డిగ్రీలు ఒకసారి, 405 డిగ్రీలు ఒకసారి. ఆ కుంటి నడకనే తమ ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయమని కంపెనీ 1994లో దరఖాస్తు పెట్టి, 2000లో వెనక్కి తీసుకుంది. సూపర్ మీటియర్ 650లో 270 డిగ్రీల క్రాంక్ చేసే పనీ ఆ వరసలోదే. తాళం క్రాంక్‌ది. పైపు మార్చి దాన్ని మార్చలేం, గట్టిగా అరిపించగలం.

2021లో 'బుల్లెట్టు బండి' పాట, మంచిర్యాల పెళ్లికూతురి డ్యాన్స్ వీడియో ఊరూరా తిరిగాక బరాత్‌లో బుల్లెట్ లేకపోతే మర్యాద తక్కువైంది. పాట మీద నాకేం కోపం లేదు. బండ్ల వరుస డీజేతో పోటీపడి చప్పుడు చేయడం మీదే.

ఇక అన్నిటికన్నా గట్టిగా నమ్మే మాట: చప్పుడుంటే లారీవాడు జాగ్రత్త పడతాడు, ప్రాణం దక్కుతుంది. పైపు నోరు వెనక్కి ఉంటుంది. ప్రమాదం వచ్చేది ముందు నుంచి. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఘటనాస్థలంలోనే పరిశీలించి హ్యారీ హర్ట్ బృందం 1981లో ఇచ్చిన నివేదిక చెప్పింది ఇదే: నాలుగింట మూడొంతులకు పైగా ముప్పు నడిపేవాడి ఎదురుగా, అటూ ఇటూ 45 డిగ్రీల పరిధిలోనే ఉంది. మా దగ్గర కోతల కాలంలో అడ్డదారి నుంచి హఠాత్తుగా రోడ్డెక్కే ట్రాక్టర్‌ను తలుచుకోండి. దాని ఇంజన్ మోతలో, పెట్టిన పాటల్లో మీ పైపు ఆ డ్రైవర్‌కు వినబడేది మీరు దాటిపోయాకే. కనబడితే బతుకుతాం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు పగలు కూడా హెడ్‌లైట్ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది అందుకే. ఆ లైటును స్విచ్ పెట్టించి ఆర్పేసి, వెనక పైపును అరిపించేవాళ్లు ప్రాణరక్షణ గురించి మాట్లాడకపోతే బాగుంటుంది.

"అమెరికాలో ఎవరూ అడగరు" అనేవాళ్లకు ఒక ముక్క. అక్కడ కూడా రోడ్డు మోటార్‌సైకిళ్లకు 1986 నుంచి పరిమితి 80 డెసిబెల్సే. మన దగ్గర 175 సీసీ దాటిన వాటికీ అంతే. పైపు మార్చాక పది డెసిబెల్స్ పెరిగితే, పదే కదా అనుకుంటారు. డెసిబెల్‌లో మూడు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, పది పెరిగితే పదింతలు. రాత్రి పదిన్నరకు ఆ పదింతలు పోయేది దవాఖాన కిటికీలోంచి, పరీక్షలకు చదివే పిల్ల గదిలోంచి.

పోలీసుల పద్ధతీ నాకు నచ్చదు. సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్ కింద తొక్కిస్తారు, ఫొటోలు వస్తాయి, వారం తిరక్కముందే అదే బజారులో అదే సరుకు గోడకు వేలాడుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. శబ్ద ప్రమాణాలు మీరి నడిపితే 190 సెక్షన్ కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్స్ పోవడం ఉన్నాయి. కొన్న ఇరవై ఏళ్ల కుర్రాడు దొరుకుతాడు. తయారుచేసినవాడు, టోకున తెచ్చి అమ్మినవాడు ఆ ఫొటోలో కనబడరు.

అయినా పైపు మార్చకతప్పని సందర్భాలు లేవనను. పడి సొట్టపోవచ్చు, తుప్పు తినొచ్చు, పెద్ద 650లకు కంపెనీ పైపులు బరువన్నదీ నిజమే. అప్పుడు మొదట షోరూం పైపు ధరే అడగండి. బయటిది చూసేటప్పుడు చప్పుడు వినిపించమనకండి, లోపలేముందో అడగండి. బెండ్ పైపునూ సెన్సర్‌నూ కదపకుండా వెనక భాగం ఒక్కటే మారేదై ఉండాలి. మీ మోడల్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ బెండ్ పైపులో ఉందా, సైలెన్సర్‌లో ఉందా తెలుసుకోకుండా చేయి వేయనివ్వొద్దు. 349 సీసీ ఊపిరికి జానెడు డబ్బా చాలదు. గ్లాస్ వూల్ నింపినదైతే అది కాలిపోయాక మళ్లీ నింపడానికి వీలుందా, అంచులు వెల్డింగ్ చేసేశారా చూడాలి. కాలిన వూల్‌తో తిరిగే పైపు నెలనెలా గొంతు పెంచుతూనే ఉంటుంది. సర్కిల్‌లో ఇంగ్లిష్ 'E' అక్షరం చెక్కిన యూరప్ ముద్ర చూపిస్తే, అది ఏ మోడల్‌కు ఇచ్చిందో అడగండి. మీ బండికి ఇచ్చిందైనా మన చట్టం ముందు అది అనుమతిపత్రం కాదు.

విప్పిన కంపెనీ సైలెన్సర్‌ను ఎక్స్ఛేంజ్ కింద మాత్రం వదలకండి. ఐదారు వందలు తగ్గిస్తానని మెకానిక్ దాన్ని పక్కకు పెట్టుకుంటాడు. పోలీసులకు చిక్కి, అసలు పైపు కోసం వెతుక్కుంటూ వచ్చినవాడికి అది ఎంతకు పోతుందో ఆ షెడ్డులో అందరికీ తెలుసు.