అంతరిక్ష క్రీడ: అపోహలు – యథార్థాలు

ఒక విషయాన్ని తెలుసుకొనడానికి కొంతకాలం పడుతుంది. దానిని నిందించడానికి గాని, పొగడడానికి గాని క్షణం చాలు. నేడు విద్యార్థిలోకాన్ని ఆకర్షిస్తున్న ఆన్‌లైన్ ఆటల విషయంలో జరుగుతున్నది ఇదే. పెద్దలు వాటినన్నింటినీ ఒకే గాటన కట్టి "అంతా జూదమే" అంటున్నారు. పిన్నలు "అంతా వినోదమే" అంటున్నారు. రెండూ విచారించి అన్న మాటలు కావు. ఇటువంటి ఆటలలో మిక్కిలి జటిలమైనదిగా పేరొందిన ఒకదానిని నిదర్శనంగా తీసుకొని, దానిపై వ్యాపించిన అపోహలను పరిశీలించడం ఉచితమని మేము భావిస్తున్నాము.

ఆ ఆట పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లోని సీసీపీ అనే సంస్థ దీనిని నిర్మించి 2003 మే నెలలో విడుదల చేసింది. ఇందులో ఆటగాడు ఒక అంతరిక్ష నౌకకు అధిపతి. వేలాది నక్షత్ర మండలాలు గల కల్పిత విశ్వంలో అతడు ఖనిజాలు త్రవ్వవచ్చు, నౌకలు నిర్మించవచ్చు, వర్తకం సాగించవచ్చు, యుద్ధం చేయవచ్చు. ఇటువంటి ఆటలు పెక్కింటిలో ఆటగాళ్లను వేర్వేరు సర్వర్లకు పంచుతారు. ఇందులో చైనాకు గల ప్రత్యేక సర్వరును మినహాయిస్తే, నానాదేశాలవారూ ఒకే విశ్వంలో కలుసుకొంటారు.

ఇది కేవలం కాల్చుకొని చంపుకొనే పిల్లల ఆట అన్నది మొదటి అపోహ. ఈ విశ్వంలో తిరిగే నౌకలలో అత్యధిక భాగం ఆటగాళ్లు త్రవ్విన ఖనిజాలతో ఆటగాళ్లే తయారుచేసినవి. ధరలను నిర్ణయించేది ముఖ్యంగా వారి గిరాకీ, సరఫరాలే. ధ్వంసమైన నౌక తిరిగి రాదు. గనుక ప్రతి యుద్ధమూ విపణిపై ప్రభావం చూపుతుంది. ఈ ఆర్థిక వ్యవస్థను గమనించడానికి 2007లో ఆ సంస్థ ఎయోల్ఫుర్ గుడ్ముండ్సన్ అనే అర్థశాస్త్రజ్ఞుని నియమించుకొన్నది. ఆటగాళ్లు ఓట్లు వేసి ఎన్నుకొనే సలహా మండలి ఒకటి 2008 నుండి ఉన్నది. వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఇందులో తన పాఠ్యగ్రంథాన్ని గుర్తుపట్టగలడనడం అతిశయోక్తి కాదు.

ఆలస్యంగా చేరినవాడు పాతవారిని ఎన్నటికీ అందుకొనలేడన్నది రెండవ అపోహ. దీనికి ఆధారం లేకపోలేదు. ఈ ఆటలో నైపుణ్యాలు నిజమైన గడియారాన్ని అనుసరించి పెరుగుతాయి. ఆటగాడు నిద్రించునప్పుడు కూడా ఆ పెరుగుదల ఆగదు. కాని ప్రతి నైపుణ్యానికీ ఐదే మెట్లు. ఐదవ మెట్టు చేరిన పాతవాడు అందులో మరి పైకి పోలేడు. పైగా ఒక చిన్న నౌకను నడపడానికి కావలసిన నైపుణ్యాలు కొన్నే. పెద్ద నౌకను తప్పించుకొని పోనీయక పట్టి నిలిపే పని అట్టి చిన్న నౌకదే. ఆ పని క్రొత్తవాడు కూడా చేయగలడు. అతనికి కొరవడేది వయస్సు కాదు, నేర్పే తోడు.

మూడవ అపోహ ధనానికి సంబంధించినది. 2014 జనవరి 27, 28 తేదీలలో బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలంలో ఒక మహాయుద్ధం జరిగింది. ఆ మండలంపై అధికారాన్ని నిలుపుకొనడానికి కట్టవలసిన రుసుము గడువుకు చెల్లకపోవడమే దానికి హేతువు! 7,500 మందికి పైగా పాల్గొన్నారు. యుద్ధం దాదాపు 21 గంటలు సాగింది. టైటాన్లు అనబడే మహానౌకలు 75 నశించాయి. మూడు లక్షల డాలర్లు బూడిదైనట్లు పత్రికలు వ్రాశాయి. అది ఒక అంచనా లెక్క మాత్రమే. నగదుతో చందా పత్రాలు కొని, వాటిని ఆటలో అమ్మి, ఇస్క్ అనే ఆట నాణెం పొందవచ్చు. ఆ మారకపు ధరతో కట్టిన లెక్క అది. నష్టపోయిన దానిలో ఎక్కువ భాగం ఆటగాళ్లు శ్రమించి కూడబెట్టినది. ఇస్క్‌ను తిరిగి నగదుగా అమ్ముకొనడం నియమ విరుద్ధం. పందెం ఒడ్డి నగదు గెలిచే జూదానికీ దీనికీ ఇదే భేదం. మన పార్లమెంటు 2025లో చేసిన చట్టం సైతం ధనం ఒడ్డే ఆటలను నిషేధించి, పందెం లేని ఆటలను వేరుగా చూసింది. అయితే ఇందులో చేతి డబ్బు కరిగే మార్గమే లేదని మేము అనము. నౌకల మోజులో పడి చందా పత్రాలు కొనేవాడు తన తండ్రి సంపాదనను ఖర్చుచేస్తున్నాడు.

నాల్గవ అపోహ నీతికి సంబంధించినది. ఈ ఆటలో మోసమూ, గూఢచర్యమూ, విశ్వాసఘాతమూ చాలావరకు నియమ సమ్మతాలే. అందువలన ఆడేవారంతా దుర్జనులని తలచరాదు. షాన్ స్మిత్ అనే అమెరికా విదేశాంగ ఉద్యోగి ఈ ఆటలో ఒక పెద్ద కూటమికి రాయబారిగా ప్రసిద్ధుడు. 2012 సెప్టెంబరు 11న లిబియాలోని బెంఘాజీలో జరిగిన దాడిలో ఆయన మరణించాడు. ఆ వార్త విని ఆటగాళ్లు అనేకులు తమ అంతరిక్ష స్థావరాలకు ఆయన స్మృత్యర్థం పేర్లు మార్చుకొన్నారు. తెర వెనుక ఉన్నది మనిషేనని, ఆ స్నేహం బూటకం కాదని దీనివలన తెలియడం లేదా?

మరి ఇందులో ప్రమాదమే లేదా? ఉన్నది. అది తుపాకిలో లేదు, పందెంలో లేదు, కాలంలో ఉన్నది. ఒకేచోట వేలమంది గుమిగూడినప్పుడు సర్వరు తట్టుకొనడానికి ఆటలోని కాలాన్ని పదవ వంతు వరకు నెమ్మదింపజేస్తారు. తెర మీది ఒక నిమిషానికి మన జీవితంలోని పది నిమిషాలు వ్యయమవుతాయి. కూటమి పిలిచినప్పుడు పోకపోతే మిత్రద్రోహమనిపిస్తుంది. ఆటను విడువడం సులభమే. తోటివారిని విడువడం కష్టం. ప్రేంచంద్ షత్రంజ్ కథలో అవధ్ రాజ్యం ఆంగ్లేయుల వశమవుతుండగా ఇద్దరు నవాబు జాగీర్దార్లు బల్ల విడువరు. తప్పు షత్రంజ్‌ది కాదు. ఏ వేళకు ఏది చేయవలెనో మరచిన వారిది.

కనుక కళాశాల పాలక సంఘం పెద్దలకు మా విన్నపం ఇది. ఆటలన్నింటినీ ఒక్క మాటతో నిషేధిస్తే విద్యార్థి ఆటను మానడు, మనతో చెప్పడం మానుతాడు. ఏ ఆట ఆడుతున్నావు, ఎన్ని గంటలు, ఎవరి డబ్బుతో, ఎవరి తోడుతో అని అడిగే సహనం మనకు కావలెను. విద్యార్థులకు మా మాట ఇది. పెద్దలకు తెలియదని నవ్వి ఊరుకొనక, తెలియజెప్పండి. ఆ నాలుగు ప్రశ్నలూ మిమ్మల్ని మీరే ముందుగా వేసుకొనండి. సమాధానం చెప్పడానికి సంకోచం కలిగిన చోటనే మీ ఆటకు హద్దు ఉన్నదని గ్రహించండి. ఆటలో నశించిన నౌకను మరల నిర్మించవచ్చు. వార్షిక పరీక్షల ముందు నశించిన రాత్రిని నిర్మించే ఖనిజం ఏ నక్షత్ర మండలంలోనూ దొరకదు.