పేర్లు తీసేసి ఆడి చూడండి

సినిమానో సీరియల్‌నో పట్టుకుని చేసిన వీడియో గేమ్ మీద తీర్పు చెప్పాలంటే మనకి మూడే ప్రశ్నలు తెలుసు. బొమ్మలు బాగున్నాయా? స్పీడుందా? ఒరిజినల్‌లో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయా? మూడింటికీ మార్కులు వేసి, సగటు తీసి, చివర 2.75 అని రాసేస్తే సమీక్ష అయిపోతుంది. శుక్రవారం సినిమాలకి అలవాటైన లెక్కనే తీసుకొచ్చి ఆటలకి తగిలించేశాం. ఈ మూడు ప్రశ్నలూ పనికిమాలినవని నా వాదన. అవి ఆటకి తొడిగిన చొక్కా గురించి అడుగుతాయి, ఆట జోలికి పోవు.

మాట తేల్చుకోడానికి దాదాపు ఇరవయ్యేళ్ళ కిందటి ఓ చిన్న ఆటని తీసుకుంటాను. గొప్ప ఆటని ఏ కొలతతో కొలిచినా గొప్పగానే తేలుతుంది. ఓ మాదిరి ఆట దగ్గరే మన కొలబద్ద సంగతి బయటపడుతుంది. దీని పేరు ‘స్టార్ ట్రెక్: టాక్టికల్ అసాల్ట్’. స్టార్ ట్రెక్ సీరియల్ మొదలై 40 ఏళ్ళు నిండిన 2006లో బెథెస్డా సాఫ్ట్‌వర్క్స్ విడుదల చేసింది. తయారు చేసింది క్విక్‌సిల్వర్ సాఫ్ట్‌వేర్. చేతిలో పట్టుకుని ఆడుకునే రెండు పరికరాల మీద వచ్చింది: నింటెండో డీఎస్, సోనీ పీఎస్‌పీ. కెప్టెన్ కిర్క్ కాలం నాటి అంతరిక్ష నౌకలు. ఫెడరేషన్ పక్షాన ఓ కథ, వాళ్ళ శత్రువులైన క్లింగాన్ల పక్షాన ఇంకో కథ. మీరొక నౌకకి కెప్టెన్. ఎదురొచ్చిన నౌకలతో యుద్ధం చేస్తూ పోవాలి.

దీనిమీద అప్పట్లో గట్టిగా వినిపించిన ఫిర్యాదు, నెమ్మది అని. ఇవాళ కొత్తగా ఆడినవాళ్ళూ అదే అంటారు. నౌక ఓ పట్టాన తిరగదు. తిరిగేసరికి శత్రువు ఇంకోవైపు వెళ్ళిపోయుంటాడు. ఓసారి కాల్చాక ఫేజర్లు మళ్ళీ ఛార్జయ్యేదాకా ఆగాలి. అంతరిక్ష యుద్ధమంటే రయ్యిమని దూసుకుపోవడమని నమ్మినవాళ్ళకి ఇదంతా నీరసమే. నాకు మాత్రం ఆ నెమ్మదే ఈ ఆటలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న భాగం అనిపిస్తుంది.

ఎందుకో చెప్తాను. ఇందులో నౌక చుట్టూ ఉండే రక్షణ కవచం ఒకే ముద్దగా ఉండదు. ముందువైపుది వేరు, వెనకవైపుది వేరు, పక్కలవి వేరు. ఎడమవైపు కవచం దెబ్బతిందనుకోండి, ఆ వైపుని శత్రువుకి కనపడకుండా దాచుకోవాలి. కానీ మన ఆయుధాలు కూడా అన్ని దిక్కులకీ కాల్చవు, ఒక్కోదానికి ఒక్కో హద్దు. గాయాన్ని దాచాలి, ఆయుధాన్ని చూపాలి. ఈ రెండూ ఒకే మలుపులో కుదరాలి. నౌక క్షణంలో తిరిగిపోయేదైతే ఇందులో ఆలోచించేదేముంది? బొటనవేలి చురుకుదనం చాలు. తిరగడానికి టైము పడుతుంది కాబట్టే ఎటు తిరగాలన్నది ఓ నిర్ణయమవుతుంది. తప్పుగా తిరిగితే దాని ఫలితం తర్వాతి అర నిమిషమంతా అనుభవించాలి. స్పీడు పెంచితే ఈ ఆట బాగుపడేదన్నవాళ్ళు దాన్ని నడిపించే ఇంజన్నే పీకేయమంటున్నారు.

భారీ వస్తువు మలుపు తిరగడంలో ఉండే ఉత్కంఠ తెలియాలంటే అంతరిక్షం దాకా అక్కర్లేదు. కాటేదాన్ పారిశ్రామికవాడలో ఏ ఫ్యాక్టరీ గేటు ముందైనా పది నిమిషాలు నిలబడండి. ఆరాంఘర్ వైపునుంచో శంషాబాద్ వైపునుంచో ఓ పెద్ద ట్రైలర్ లారీ వచ్చి, ఇరుకు సందులోంచి గేటులోకి రివర్సులో దూరాలి. క్లీనర్ దిగి లారీ వెనక చప్పరిస్తూ ‘రానియ్, రానియ్, బస్’ అంటుంటాడు. డ్రైవరు స్టీరింగు ఇటు తిప్పితే వెనక డబ్బా అటు పోతుంది. ఒకవైపు కరెంటు స్తంభం, ఇంకోవైపు పాలిథిన్ సంచుల మూటలతో ఆగిన ఆటో ట్రాలీ. రెండు వైపులా బండ్లు ఆగిపోయి హారన్లు కొడుతుంటాయి. అక్కడ ఎవరూ ‘బోర్ కొడుతోంది, స్పీడ్ పెంచండి’ అనరు. అందరి కళ్ళూ ఆ వెనక చక్రం మీదే ఉంటాయి. బరువున్న వస్తువు కదులుతుంటే నెమ్మదితనమే నాటకాన్ని పుట్టిస్తుంది. టాక్టికల్ అసాల్ట్ చేసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. దాన్ని సమీక్షించినవాళ్ళలో చాలామందికి పట్టలేదు.

‘అంతరిక్షంలో బరువెక్కడిది? ఇది సైన్సే కాదు’ అనేవాళ్ళుంటారు. బరువు ఉండదు నిజమే, ద్రవ్యరాశి మాత్రం ఎక్కడికీ పోదు. కదిలేదాన్ని ఆపాలన్నా, ఆగినదాన్ని కదిలించాలన్నా బలం ఖర్చవుతుంది. శంషాబాద్ విమానాశ్రయం దగ్గరే పనిచేస్తున్న స్కైరూట్ వాళ్ళనడిగితే ఇంకా బాగా చెప్తారు. 2022 నవంబర్ 18న వాళ్ళు శ్రీహరికోట నుంచి పంపిన విక్రమ్-ఎస్ బరువు 545 కిలోలు, చేరిన ఎత్తు 89.5 కిలోమీటర్లు. ఆ పనిలో ఒక్కో కిలోకీ లెక్క చెప్పాల్సిందే. ఇక వేలమంది టన్నుల నౌక మాటేంటి? అయితే ఈ ఆటలో నౌకలు సముద్రంలో ఓడల్లాగా వంపు తీసుకుంటూ తిరుగుతాయి, అది భౌతికశాస్త్రం కాదని ఒప్పుకుంటాను. కానీ అది స్టార్ ట్రెక్ తనకోసం తాను ఎంచుకున్న అబద్ధం. దానికో చరిత్ర ఉంది.

స్టార్ ట్రెక్ మొదటినుంచీ నౌకాదళం కథే. దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ, సి. ఎస్. ఫారెస్టర్ నవలల్లోని నావికుడు హార్న్‌బ్లోయర్‌ని మనసులో పెట్టుకుని కిర్క్‌ని మలిచాడు. 1966 డిసెంబర్‌లో వచ్చిన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ ఎపిసోడ్, జలాంతర్గామి యుద్ధం మీద 1957లో వచ్చిన ‘ది ఎనిమీ బిలో’ సినిమాని అంతరిక్షానికి ఎత్తుకెళ్ళడమే. ఒకరికొకరు కనపడని ఇద్దరు కెప్టెన్లు అవతలివాడు ఏం ఆలోచిస్తున్నాడో ఊహించుకుంటూ కాచుకుని కూర్చుంటారు. 1982లో నికొలస్ మేయర్ తీసిన ‘ది రాత్ ఆఫ్ ఖాన్’ చివరి యుద్ధం కూడా ఆ బాపతే. నెబ్యులా మబ్బులో రెండు నౌకలు గుడ్డిగా తడుముకుంటాయి. అక్కడ గెలిపించింది వేగం కాదు, ఖాన్ పైకీ కిందికీ చూడటం మర్చిపోతాడని కిర్క్ పక్షం పసిగట్టడం.

ఆటల్లో కూడా ఈ పద్ధతికి ఓ వంశం ఉంది. 1979లో ‘స్టార్ ఫ్లీట్ బ్యాటిల్స్’ అని ఓ బోర్డు గేమ్ వచ్చింది. ప్రతి టర్నులోనూ ఇంజన్లకెంత శక్తి, కవచాలకెంత, ఆయుధాలకెంత అని కాగితం మీద లెక్క వేసుకుని మరీ ఆడాలి. దాన్ని ఆధారం చేసుకుని 1999లో ‘స్టార్‌ఫ్లీట్ కమాండ్’ అనే కంప్యూటర్ గేమ్ చేసింది కూడా ఈ క్విక్‌సిల్వరే. ఏడేళ్ళ తర్వాత ఆ కాగితాల లెక్కంతా వడగట్టి, సారం మాత్రం అరచేతిలోకి దించితే వచ్చింది టాక్టికల్ అసాల్ట్. కాబట్టి ఆ నెమ్మది వాళ్ళకి చేతకాక వచ్చింది కాదు. పాతికేళ్ళకి పైబడిన సంప్రదాయం అది.

ఇక నా కొలబద్ద చెప్తాను. ఫ్రాంచైజీ ఆటని పరీక్షించాలంటే దాన్నుంచి పేర్లన్నీ తీసేసి చూడండి. ఎంటర్‌ప్రైజ్ అనకండి, క్లింగాన్ అనకండి, ఆ సంగీతం ఆపేయండి, నౌకల బొమ్మల బదులు అగ్గిపెట్టెలు పెట్టుకోండి. అప్పుడు మిగిలేది నియమాలొక్కటే. ఆ నియమాల్లో మూలకథ ఇంకా ఊపిరి పీలుస్తుంటే అది అనుసరణ. లేకపోతే స్టిక్కరు.

టాక్టికల్ అసాల్ట్‌లో పేర్లు తీసేస్తే ఏం మిగులుతుంది? గాయాన్ని దాచుకుంటూ కాచుకుని కూర్చునే ఓ కెప్టెన్ మిగులుతాడు. అంటే ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ మిగులుతుంది. ఇదే పరీక్ష మన దగ్గరికి తెద్దాం. 2017లో ఫోన్లలోకి ‘బాహుబలి: ది గేమ్’ వచ్చింది, చేసింది మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్. కోట కట్టుకో, సైన్యం పెంచుకో, పక్కవాడి కోట మీద పడు. పేర్లు తీసేస్తే ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’ మిగులుతుంది. ఇద్దరన్నదమ్ములు, ఓ సింహాసనం, మాటకి కట్టుబడి కన్నబిడ్డలా పెంచినవాణ్ణే చంపమన్న తల్లి, ఇవేవీ నియమాల్లో లేవు. బొమ్మలు బాగున్నాయి, ఒరిజినల్‌లోని మొహాలన్నీ ఉన్నాయి. మన మూడు ప్రశ్నలకీ అది పాసవుతుంది. అందుకే ఆ ప్రశ్నలు పనికిరావంటున్నాను.

అలాగని టాక్టికల్ అసాల్ట్‌కి దండేసి ఊరేగించను. దానిమీద నాకో పెద్ద ఫిర్యాదుంది, నెమ్మది గురించి గోల పెట్టినవాళ్ళెవరూ దాని దాకా రాలేదు. స్టార్ ట్రెక్ లోకంలో అన్నిటికన్నా పేరుమోసిన నీతికథ, చిత్రంగా, ఓ సిమ్యులేటర్ ఆట గురించే. ‘ది రాత్ ఆఫ్ ఖాన్’లో వచ్చే ‘కోబయాషి మారు’ పరీక్ష. ఆ పేరుగల ఓడ ఆపదలో ఉండి సాయమడుగుతుంది. రక్షించడానికి వెళ్తే క్లింగాన్ల చేతిలో మీ నౌక నాశనం. వెళ్ళకపోతే అందులోవాళ్ళు చస్తారు. గెలిచే దారే ఉండదు. ఓటమిని కెప్టెన్ ఎలా మోస్తాడో చూడటానికే ఆ పరీక్ష. విద్యార్థిగా కిర్క్ దొంగతనంగా ప్రోగ్రామ్ మార్చి నెగ్గుతాడు. సినిమా చివర స్పాక్ చావుతో ఆ దొంగతనానికి బాకీ చెల్లుతుంది.

అంత కథ చేతిలో ఉండి, ఈ ఆట ఏం చేసింది? నౌక పేలిపోతే మిషన్ మళ్ళీ మొదలు. నెగ్గేదాకా ఆడుతూనే ఉండొచ్చు. అంటే ప్రతి ఆటగాడికీ కిర్క్ చేసిన మోసాన్ని ముందే మెనూలో పెట్టి ఇచ్చేసింది. స్పాక్ చావు మాత్రం ఎవరికీ రాదు. చాలా ఆటలు అంతే కదా అనొచ్చు. కానీ చాలా ఆటలు స్టార్ ట్రెక్ పేరు పెట్టుకోలేదు. పేరులోనే ‘అసాల్ట్’ ఉందంటే, తుపాకీ తీసేముందు మాట్లాడి చూడాలన్న ఆ సీరియల్ మొండి నమ్మకాన్ని పక్కన పెట్టేసినట్టే. యుద్ధాన్ని స్టార్ ట్రెక్ లాగే చేసి, యుద్ధానికి వెళ్ళాలా వద్దా అన్న స్టార్ ట్రెక్ బెంగని మాత్రం వదిలేసింది. అందుకే నా తీర్పు సగం దగ్గర ఆగుతుంది.

చేతిలో పట్టే పరికరం కదా, దాన్నిబట్టి కూడా తూచాలి. డీఎస్ మూత వేస్తే యుద్ధం ఎక్కడికక్కడ నిద్రపోతుంది, తెరిస్తే లేస్తుంది. నెమ్మదైన ఆటకి ఇది వరం. మధ్యలో స్టాపు వచ్చినా ఆలోచన తెగదు. ఇవాళ మనలో చాలామందికి పీఎస్‌పీ అంటే ఫోన్‌లోని పీపీఎస్ఎస్‌పీపీ ఎమ్యులేటరే. అద్దం మీద గీసిన బటన్లతో వేగమైన ఆటలు ఆడటం నరకం. ఈ ఆట తట్టుకుంటుంది, వేళ్ళని అంతగా నమ్ముకోలేదు కాబట్టి.

ఇదంతా తెలుగులో, ఓ సాహిత్య పత్రికలో ఎందుకు? ఎందుకంటే ఆటలు మనూళ్ళోనే తయారవుతున్నాయి. టాక్టికల్ అసాల్ట్ వచ్చిన 2006లోనే ఈఏ సంస్థ జామ్‌డాట్‌ని కొనేసింది, దాంతో జామ్‌డాట్ వాళ్ళ హైదరాబాద్ స్టూడియో కూడా ఈఏ చేతికెళ్ళింది. 2009లో ఇక్కడి గేమ్‌శాస్త్ర, కబడ్డీ, గిల్లీదండా లాంటి మన ఆటలతో పీఎస్‌పీ మీదికి ‘దేశీ అడ్డా’ తెచ్చింది. దానిమీద తెలుగులో ఒక్క గట్టి వ్యాసం నా కంటపడలేదు. కథల్లో శిల్పం గురించి నలభై పేజీలు వాదించుకునే మనం, మనవాళ్ళే రాత్రింబవళ్ళు కోడ్ రాసి చేసిన ఆటని ‘పిల్లల వ్యవహారం’ అని వదిలేశాం. మాట్లాడేవాళ్ళు లేనిచోట మార్కులు వేసేవాళ్ళే మిగులుతారు.

ఇప్పుడు మనకే ఓ సైన్స్ ఫిక్షన్ ఫ్రాంచైజీ ఉంది. 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’కి కొనసాగింపులుంటాయని మొదటినుంచీ చెప్తూనే ఉన్నారు. రేపో మాపో దాన్నుంచి మన ఫోన్‌లోకి ఓ యుద్ధం ఆట రాకమానదు. అందులో బుజ్జి ఉంటుంది. షూటింగ్ కోసం నిజంగా తయారుచేసిన ఆ బండి బరువు దాదాపు 6 టన్నులు. ఆటలో అది స్కూటీలాగా గింగిరాలు తిరిగితే, గ్రాఫిక్స్ అదిరాయని ఐదుకి మూడున్నర ఇచ్చేస్తామా? భైరవ డబ్బు కోసం ఎవరినైనా పట్టిచ్చే మనిషి కదా, ఆ బేరం ఆటగాడి చేత చేయించిందా, లేక కనపడినవాణ్ణల్లా కాల్పించి వదిలేసిందా అని అడుగుతామా? ఆ ప్రశ్న అడిగేవాళ్ళు నలుగురైనా తెలుగులో ఉంటే, ఆట చేసేవాళ్ళూ ఇంకోలా ఆలోచిస్తారు. లేకపోతే మన పురాణాల మీద కూడా వాళ్ళు స్టిక్కర్లే అతికిస్తారు, మనం మార్కులు వేస్తూ కూర్చుంటాం.