త్యాగాన్ని పొగిడితే చాలదు, రక్షణ కల్పించాలి!

2023 జూన్ 2 సాయంత్రం బాలాసోర్ జిల్లా బాహానగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. 290 మందికి పైగా మరణించారు. వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. అది ఖరగ్‌పూర్ డివిజను పరిధిలోని స్టేషను. 2010 మే 28న 140 మందికి పైగా ప్రయాణికులను బలిగొన్న జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ దుర్ఘటన జరిగినదీ ఈ డివిజనులోనే. ప్రమాద సైరను మోగితే ఏమవుతుందో పూరీ గేట్ పరిసరాల తెలుగు రైల్వే కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

బాహానగా పాఠశాలను తాత్కాలిక శవాగారంగా వాడారు. పిల్లలు అందులోకి రావడానికి భయపడగా భవనాన్నే కూల్చారు. మంచిదే. కాని, ఆ శవాలను మోసిన చేతులకు ముందుగా టీకా పడిందా అని అడిగినవారెందరు?

దుర్ఘటనలో మరణించినవారి శవాల వల్ల ఊరికి అంటువ్యాధులు రావని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో స్పష్టం చేసింది. అసలు ప్రమాదం వాటిని ఎత్తేవారికి, క్షతగాత్రుల రక్తం తుడిచేవారికి. టీకా లేని కార్మికునికి కలుషితమైన సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి సోకే అవకాశం నూటికి 6 నుండి 30 వరకు ఉంటుంది. హెచ్.ఐ.వి. విషయంలో అది సుమారు మూడు వందలలో ఒకటి. దాని నివారణ మందు 72 గంటల లోపల మొదలుపెట్టాలి. ఇట్టి స్థితిలో జనం కంటికి కనబడేలా బ్లీచింగ్ పొడి చల్లి, సహాయక కార్మికుని వట్టి చేతులతో దింపడం ఆరోగ్యరక్షణ కాదు, ఆడంబరం.

“ప్రాణాలు పోతుంటే చేతితొడుగులు వెతుక్కుంటూ కూర్చోవాలా?” అని కొందరు అధికారులు ప్రశ్నిస్తారు. వెతకవలసిన పని ఎందుకు కలగాలి? ప్రమాద సహాయక వైద్య వాహనం సైడింగులో ఎల్లవేళలా సిద్ధంగా ఉండేది అందుకే కదా! హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది. సైరను మోగిన తరువాత వేయించగల టీకా కాదిది.

మనం దయాభిక్ష అడగడం లేదు. వైద్య వ్యర్థాలను ముట్టుకునే ప్రతివారికి టీకా, శిక్షణ, రక్షణ సామగ్రి ఇవ్వాలని 2016 నాటి నిబంధనలే శాసిస్తున్నాయి. పనిలో సోకిన అంటువ్యాధిని వృత్తిజన్య వ్యాధిగా 1923 నాటి పరిహార చట్టమే గుర్తించింది. తపాలా సోదరులకూ ఇది పరాయి సమస్య కాదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ విధుల్లో మరణించిన తపాలా ఉద్యోగులకు, గ్రామీణ డాక్ సేవకులతో సహా, పది లక్షల రూపాయల పరిహారం ప్రకటించారు. ప్రాణానికి వెల కట్టడం వచ్చినవారికి ప్రాణరక్షణకు ఖర్చుపెట్టడం రాదా?

కనుక మన కోర్కెలు ఇవి: పర్మనెంటు, కాంట్రాక్టు భేదం లేకుండా సహాయక సిబ్బంది అందరికీ ముందుగానే టీకాలు వేయాలి. ప్రతి సహాయక వాహనంలో తొడుగులు, ముసుగులు, కంటి రక్షణలు, వాడిన సూదులు వేసే గట్టి డబ్బాలు సరిపడా ఉంచాలి. సూది గుచ్చుకున్న ప్రతి ఘటననూ లిఖితపూర్వకంగా నమోదు చేసి, అర్ధరాత్రి అయినా చికిత్స అందించాలి.

ప్రతి బ్రాంచి తన పరిధిలోని వాహనాల సామగ్రిని స్వయంగా పరిశీలించి, లోపాలను పరిపాలనా యంత్రాంగానికి లిఖితంగా తెలపాలి. తరువాతి సైరను మనకోసం ఆగదు.