స్వస్థత ఏ ఊళ్ళో దొరుకుతుంది?

జబ్బు చేసిన మనిషికి ఎవరో ఒకరు ఒక ఊరి పేరు చెబుతారు. ఫలానా చోట నీళ్ళలో మునిగితే కీళ్ళనొప్పులు పోతాయంటారు. ఫలానా కొండ గాలి తగిలితే దగ్గు తగ్గుతుందంటారు. మన కలికిరి వైపు తలకోన నీళ్ళ గురించి, హార్స్‌లీ కొండ గాలి గురించి ఇలాంటి మాటలు వింటూనే ఉంటాము. భూమిలోంచి వేడినీళ్ళు ఉబికి వచ్చే చోట్ల అయితే ఈ ఆశ మీద ఊళ్ళకు ఊళ్ళే వెలిశాయి. అలాంటి ఊళ్ళ చరిత్ర మనమూ తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన భాగం మన మదనపల్లె పక్కనే నడిచింది.

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఒక ఊరి పేరే హాట్ స్ప్రింగ్స్, అంటే వేడినీటి ఊటలు. వాన నీరు భూమిలో చాలా లోతుకు ఇంకి, అక్కడి వేడికి కాగి, మళ్ళీ పైకి వస్తుంది. దాని వేడి సుమారు 62 డిగ్రీల సెల్సియస్. 1832లోనే అమెరికా ప్రభుత్వం ఆ ఊటల చుట్టూ ఉన్న నేలను ప్రజల కోసం కేటాయించింది. కీళ్ళవాతం, చర్మవ్యాధులు, సుఖవ్యాధులు ఉన్నవారు వేలాదిగా అక్కడికి వెళ్ళేవారు. మూడు వారాల్లో 21 స్నానాలు చేయడం అక్కడి వైద్యం.

అటువంటి ఊరికి రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి ఆశ, రెండవది వ్యాపారం. డబ్బున్నవారికి పాలరాతి స్నానశాలలు ఉండేవి. బీదల కోసం ప్రభుత్వం ఉచిత స్నానశాల నడిపింది. నల్లజాతివారు ఆ పెద్ద స్నానశాలల్లో పనివారుగా ఉండేవారు గాని, వాటిలో స్నానం చేసే హక్కు వారికి లేదు. 1940లలో పెన్సిలిన్ వచ్చింది. నీళ్ళు నయం చేయలేని జబ్బును సూదిమందు నయం చేసింది. రోగులు రావడం తగ్గిపోయింది. వరుసగా ఉన్న ఎనిమిది పెద్ద స్నానశాలల్లో 1985 నాటికి నడుస్తూ మిగిలింది ఒక్కటే.

వేడినీళ్ళు ఎందుకూ పనికిరావని కాదు. బిగుసుకున్న కండరాలకు, కీళ్ళనొప్పికి అవి కొంత ఉపశమనం ఇస్తాయి. కానీ ఉపశమనం వేరు, స్వస్థత వేరు. పైగా షుగరు వ్యాధితో పాదాలు మొద్దుబారినవారు వేడినీళ్ళలో కాళ్ళు పెడితే చర్మం కాలినా తెలియదు. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇటువంటి స్నానాలకు దిగకూడదు.

ఇక మన ఊరి సంగతి. మదనపల్లె చుట్టుపక్కల వేడినీటి ఊటలు లేవు. మనకు ఉన్నది గాలి. సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున, పొడి వాతావరణంలో, 1912లో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం మొదలైంది. అనేక మిషన్లు చేతులు కలిపి నడిపాయి గనుక దానికి యూనియన్ మిషన్ అని పేరు. డెన్మార్కు దేశస్థుడైన మిషనరీ వైద్యుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమోట్ మొల్లర్ దానికి నాంది పలికారు. ఆ చోటే ఆరోగ్యవరం అయింది. దక్షిణాది నలుమూలల నుండి రోగులు పాకాల, ధర్మవరం మధ్య నడిచే రైళ్ళలో వచ్చి మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగేవారు. అప్పటికి క్షయకు మందు లేదు. తెరిచిన వరండాలు, పడక, మంచి తిండి, నర్సుల సేవ, ప్రార్థన, ఇవే వైద్యం. కొందరు కోలుకున్నారు, కొందరు కన్నుమూశారు.

అయితే ఆరోగ్యవరం గాలిని నమ్ముకుని అక్కడే ఆగిపోలేదు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదట వేయడం మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950ల్లో ఆ వైద్యులు మన పల్లెల్లో తిరిగి, టీకా ఎంతవరకు కాపాడుతుందో పరిశీలించారు. శానిటోరియం నడిపిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. ఆ సంస్థ నేడు ఆరోగ్యవరం మెడికల్ సెంటర్‌గా ఉంది.

అప్పటికే స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వంటి మందులు వచ్చాయి. అప్పుడు మద్రాసులో ఒక పెద్ద ప్రశ్న వేసుకున్నారు. మందు ఉంటే శానిటోరియం అవసరమా? 193 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు శానిటోరియంలో, ఇంకో జట్టుకు ఇంట్లోనే ఒక సంవత్సరం మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవారివి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా 1959లో ఫలితాలు వచ్చేసరికి రెండు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లోవారికి జబ్బు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచమంతటా శానిటోరియం కాలం ముగియడానికి ఈ పరిశోధన ఒక ముఖ్య కారణం.

నా అభిప్రాయం ఇక్కడే చెప్పాలి. స్వస్థత ఊరి నుండి ఇంటికి వచ్చింది. ఇది దేవుడు బీదలకు చేసిన గొప్ప మేలు. కానీ శానిటోరియంలో ఉన్న ఒక మంచిని మనం దారిలో పోగొట్టుకున్నాము. అక్కడ రోగి ఒంటరి కాదు. వేళకు పలకరించేవారు, తిన్నావా అని అడిగేవారు ఉండేవారు. నేడు మందు ఉచితం, కానీ చాలా ఇళ్ళలో రోగి ఒంటరి. జబ్బు పేరు బయటికి చెప్పరు. కోడలికి వస్తే పుట్టింటికి పంపుతారు. రెండు నెలలకు దగ్గు తగ్గగానే మాత్రలు ఆపేసి, ఏ కోనకో కొండకో తీసుకుపోతారు. అప్పుడు జబ్బు మందులకు లొంగని రూపంలో తిరిగి వస్తుంది.

యోహాను సువార్తలో బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా పడి ఉన్న రోగిని తలచుకోండి. అతని బాధ నీళ్ళు లేవని కాదు, తనను నీళ్ళలో దించే మనిషి లేడని. ప్రభువు అతన్ని కోనేటిలోకి దించలేదు. తానే అతని దగ్గరకు వచ్చి, మాట్లాడి, లేపాడు. ఏ కోనేరు ఎదుట అయినా రోగికి మొదట కావలసింది మనిషి.

కాబట్టి సంఘస్థులకు నా మనవి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించండి. టీబీ అని తేలితే, మామూలు టీబీకి ఆరు నెలల మందులు ఒక్కరోజూ మానకుండా వాడాలి. డాక్టరు చెప్పేవరకు ఆపకూడదు. కిటికీలు తెరచి ఉంచండి. తిండి సంగతి మరువకండి. జార్ఖండ్‌లో రోగుల ఇళ్ళవారికి పౌష్టికాహారం ఇచ్చి చూస్తే, వారిలో కొత్తగా టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు అయింది. దాన్ని అడిగి తీసుకోండి.

ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కొక్క రోగి భారం ఆరు నెలలు మోస్తే చాలు. వారానికి ఒకసారి వెళ్ళి పలకరించండి, మాత్రలు లెక్క చూడండి, నాలుగు గుడ్లు ఇచ్చి రండి. మన పెద్దలు మిషన్లన్నీ కలిపి ఒక ఆరోగ్యవరం కట్టారు. మనం కట్టవలసినవి వీధికొక చిన్న ఆరోగ్యవరం. వాటికి కొండ అక్కరలేదు, ఊట అక్కరలేదు. తలుపు తట్టే మనిషి ఉంటే చాలు.