చదువు చెప్పే ఆడపిల్లను ఆపకండి

ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్న ఆడపిల్ల సాయంత్రం ఒక గంట వీధి పిల్లలకు పాఠాలు చెబితే ఆమె సొంత చదువు చెడిపోతుందా? మైపాడు దారిలోని ఒక ఊరిలో ఈ ప్రశ్న మీద ఒక తండ్రికీ నాకూ వాదన జరిగింది. "భాయ్ సాబ్, సేవ చేయడానికి ఇది వయసు కాదు. ముందు తన మార్కులు చూసుకోనివ్వండి" అన్నారాయన. ఆయన చదువు విలువ తెలియని మనిషి కారు. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా కాసి కూతురిని చదివిస్తున్నారు. ఆయన భయమే చాలా ఇళ్లలో ఉన్నది కనుక నా సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

ఆ అమ్మాయి దగ్గరకు పద్నాలుగు మంది పిల్లలు వస్తారు. కొందరు మన వీధివారు, కొందరు పక్కనున్న పట్టపుపాళెం పిల్లలు, ఇద్దరు ముగ్గురు యానాదుల పిల్లలు. మనవాళ్లు ఆపా అంటారు, వాళ్లు అక్కా అంటారు. ఒకనాడు మన పిల్లవాడొకడు 'కళ్లు' అనే మాటను 'కల్లు' అని చదివాడు. పిల్లలంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. మనం ఇంట్లో మాట్లాడే ఉర్దూలో 'ళ' లేదు. చిన్నప్పుడు తానూ అలాగే చదివి తరగతిలో నవ్వులపాలైంది. నాలుక ఎక్కడ మడవాలో ఓపికగా చూపించింది. తనకు జరిగిన అవమానం మరొకరికి చదువుగా ఉపయోగపడుతుందని ఆనాడే తెలుసుకున్నది.

తీసివేతల దగ్గర మరో చిక్కు వచ్చింది. పక్క అంకె నుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలని చెబితే "ఎందుకక్కా?" అని పాళెం పిల్ల అడిగింది. ఈమె దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూసిన తరువాత అర్థమైందట. "పదో తరగతి పాసయ్యాక రెండో తరగతి లెక్క తెలిసింది, చాచా" అన్నది నాతో. మార్కులు తగ్గుతాయని బెంగపడే తండ్రులు ఈ మాట వినాలి.

పాఠం వేళ కునుకు తీస్తున్న కుర్రవాడిని ఆమె ఒకసారి గట్టిగా కసిరింది. మరునాడు వాడు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, తెల్లవారక ముందే తల్లితో చేపల బుట్టల దగ్గరకు వెళ్తున్నాడని తెలిసింది. ఆనాటి నుంచి ఆమె ఒక నోటుబుక్కు పెట్టింది. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో అందులో రాస్తుంది. ముప్పై అయిదేళ్లు ఇన్‌వర్డ్ రిజిస్టర్లతో గడిపిన నేను దానిని చూసి ఆశ్చర్యపోయాను. అది మండల విద్యాధికారికి పెట్టే అర్జీకి కావలసిన ఆధారం. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం మంది అసలు బడిలో చేరనివారో, మధ్యలో మానేసినవారో అని సచార్ కమిటీ 2006లో చెప్పింది. సభలలో మనం ఆ అంకెను వల్లె వేస్తూనే ఉంటాం. మన వీధిలో ఆ నాలుగో బిడ్డ ఎవరో పేరుతో సహా చెప్పగలిగేది ఈ అమ్మాయి ఒక్కతే.

అయితే ఒక మాట. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. పదహారేళ్ల పిల్ల చెప్పే పాఠం ప్రభుత్వం నియమించవలసిన ఉపాధ్యాయునికి బదులు కానేరదు. ఆమె చేత బోధన చేయించి పెద్దలం అర్జీలు మానుకుంటే తప్పు మనదే.

నిజానికి ఆ తండ్రిని తప్పుపట్టే అర్హత నాకు తక్కువ. 1990ల తొలి సంవత్సరాలలో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి బడులలో జీతం లేకుండా చదువు చెప్పినవారిలో పదో తరగతి దాటిన పిల్లలెందరో ఉన్నారు. ఆ ఉద్యమం నడిచిన జిల్లాలోనే 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మా మండలంలో వాలంటీర్ల జాబితాలు రాసినవాడిని నేనే. పదో తరగతి పాసైన మా చెల్లెలు తన పేరు కూడా రాయమన్నది. రాత్రివేళ ఆడపిల్ల బయటికేమిటని నేను రాయలేదు. ఊరివాళ్ల ఆడపిల్లల పేర్లు మాత్రం అదే చేత్తో రాశాను. ఆమె ఇంతవరకూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇది ఆ తండ్రికి చెప్పాను. స్వర్ణాల చెరువు సంగతి కూడా గుర్తుచేశాను. దర్గా ఆచారాలపై మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నా, రొట్టెల పండుగ పద్ధతి నెల్లూరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కోరిక తీరినవారు మరుసటి ఏడు అదే రొట్టె ఇంకొకరి చేతిలో పెడతారు. కూతురు పదో తరగతి గట్టెక్కాలని వారింట్లోనూ చదువు రొట్టె అందుకున్నారు, పాసయ్యాక తిరిగి ఇచ్చారు. సాయంత్రం వసారాలో ఆ పిల్ల చేస్తున్న పని వేరా అని అడిగాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పరీక్షలకు నెల ముందు ఆపాలన్నారు, ఆదివారం సెలవన్నారు, మగ్రిబ్‌కు ముందే పిల్లలు వెళ్లిపోవాలన్నారు. మూడింటికీ అమ్మాయి సరేనన్నది. నోటుబుక్కులోని పేర్లతో మేము రాసిన అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే.