రైఫిళ్ల సంగతి వైద్యులకెందుకు?

షుగరు, బి.పి., పిల్లల టీకాల గురించి రాసే ఈ పత్రికలో తుపాకుల గొడవ ఏమిటని మీరు అడగవచ్చు. 2023 మే 6న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆలెన్ పట్టణంలో ఒక షాపింగ్ మాల్ వద్ద ఒక దుండగుడు రైఫిల్‌తో కాల్చి 8 మందిని చంపాడు. చనిపోయినవారిలో అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు అమ్మాయి ఉంది. డల్లాస్ చుట్టుపక్కల మన పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. అలాంటి రైఫిళ్లు సామాన్యుల చేతిలో ఉండవచ్చా అని ఆ దేశం చేసుకుంటున్న వాదన ఇక మనకు పరాయిది కాదు.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటా పోతుంది. ఆ పేలుడు శక్తితోనే తరువాతి తూటా దానంతటదే వచ్చి సిద్ధంగా ఉంటుంది. మళ్లీ నొక్కడమే తరువాయి. నొక్కిపట్టుకుంటే ఆగకుండా పేలేది వేరే రకం. ఏఆర్-15 వంటి రైఫిల్‌కు మామూలుగా 30 తూటాల మ్యాగజైన్ బిగిస్తారు.

ఇక గాయం సంగతి. పిస్టల్ తూటా సాధారణంగా తాను పోయిన దారినే చీలుస్తుంది. ఈ రైఫిల్ తూటా చిన్నదే గాని, వేగం రెండింతలకు పైనే. దారి పక్కనున్న కాలేయం, కండరం, రక్తనాళాలు కూడా చితికిపోతాయి. చాలాసార్లు కుట్టడానికి సర్జనుకు ఏమీ మిగలదు. 2022 మే నెలలో టెక్సాస్‌లోని ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అక్కడి పిల్లల వైద్యుడొకరు తరువాతి నెల అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి, ఇద్దరు పిల్లలను వేసుకున్న బట్టలను బట్టి తప్ప గుర్తించలేకపోయామని చెప్పారు.

2018లో అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వైద్యులను మీ పని మీరు చూసుకోండని ఎద్దేవా చేసింది. రక్తం అంటిన ఆపరేషన్ బట్టల ఫోటోలతో వైద్యులు జవాబిచ్చారు. నా మట్టుకు ఆ జవాబు చాలు.

అయితే తుపాకి యజమానుల మాట కూడా వినాలి. 2017 నవంబరు 5, ఆదివారం. టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి బాప్టిస్టు సంఘం ఆరాధనలో ఉండగా ఒకడు ఇలాంటి రైఫిల్‌తోనే వచ్చి, గర్భస్థ శిశువుతో కలిపి 26 మంది ప్రాణాలు తీశాడు. ఆ చప్పుడు విని పక్కింటాయన తన ఏఆర్-15 పట్టుకుని చెప్పులైనా లేకుండా పరుగెత్తి వచ్చి, ఎదురు కాల్చి వాణ్ణి తరిమాడు. ఆయనకు రైఫిల్ లేకపోతే ఏమయ్యేదని వారు అడిగేది న్యాయమైన ప్రశ్నే.

కాని ఆ హంతకుడికి రైఫిల్ ఎలా దొరికింది? వాడు వైమానిక దళంలో ఉండగా భార్యను, సవతి కొడుకును కొట్టినందుకు 2012లో సైనిక కోర్టు శిక్ష వేసింది. అలాంటివారికి తుపాకి అమ్మరాదని చట్టం అప్పటికే ఉంది. వైమానిక దళం ఆ వివరం ఎఫ్.బి.ఐ.కి పంపలేదు, అంతే. ఆ ఘోరంలో 60 శాతం బాధ్యత ప్రభుత్వానిదేనని 2021లో న్యాయమూర్తి తేల్చారు.

న్యూజీలాండ్‌లో లైసెన్సు ఇచ్చే ముందు పోలీసులు మనిషిని ప్రశ్నిస్తారు, తెలిసినవారిని విచారిస్తారు. అయినా 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి దగ్గర సక్రమమైన లైసెన్సే ఉంది. నెల తిరగకుండానే అక్కడి పార్లమెంటు 119-1 ఓట్లతో ఆ రకం తుపాకులను చాలావరకు నిషేధించి, డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది.

నేను న్యూజీలాండ్ పక్షమే. మనుషులు చేసే తనిఖీ ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. గాఢ పొటాషియం మందును వార్డు అలమారాలో ఉంచకూడదని ఆసుపత్రుల్లో నియమం ఉంటుంది. నర్సమ్మ మీద నమ్మకం లేక కాదు, అక్కడ ఒక్క పొరపాటు జరిగితే రోగి దక్కడు గనుక. ఈ రైఫిల్ విషయమూ అంతే. అమెరికాలోనూ 1994 నుండి 2004 వరకు పదేళ్లు ఇలాంటి నిషేధం ఉండేది. అయితే అప్పటికే ఇళ్లలో ఉన్నవాటిని ముట్టుకోలేదు.

నిషేధంతో అన్నీ తీరిపోతాయని నేననను. అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. హత్యల్లోనూ రైఫిల్ కంటే పిస్టలే చాలా ఎక్కువ. మంచం పక్క సొరుగులో ఉన్న పిస్టల్ గురించి వార్తల్లో రాదు గాని, ఇంటివారికి దాని అపాయమే దగ్గరిది.

కాబట్టి మనవలను చూసుకోవడానికి ఆరు నెలలకని అమెరికా వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు ఒక సంగతి గుర్తుంచుకోండి. పిల్లవాడు ఆడుకోవడానికి వేరే ఇంటికి వెళ్తానంటే, ఆ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళంలో పెట్టారా, తూటాలు విడిగా ఉంచారా అని ముందే అడగమని అక్కడి పిల్లల వైద్యులు చెబుతున్నారు. మీకు ఇంగ్లీషు మొహమాటమైతే అమ్మాయి చేతనో కోడలి చేతనో ఫోను చేయించండి. వేరుశనగ పడని పిల్లల తల్లులు రోజూ అలాగే అడుగుతారు, ఎవరూ తప్పు పట్టరు.